కంప తీసిన దారి

పోయిన వేసవిలో మా ఇంటి ముందర జీపు ఆగింది. దిగినాయనకు పాతికేళ్లుంటాయేమో, సర్వే ఆఫీసులో కొత్తగా చేరినాడంట. నల్లమల దారులు తెలిసిన ముసలోడు పుల్లలచెరువు దిక్కున ఒకడు ఇంకా బతికున్నాడని మార్కాపురంలో ఎవరో చెప్పినారంట. అరుగు మీద మ్యాపు పరిచినాడు. గాలికి లేచిపోకుండా ఒక మూలకు నా చెంబు పెట్టి, ఇంకో మూలకు తన మోకాలు ఆనించి, ఒక చోట వేలు పెట్టి అడిగినాడు.

"తాతా, ఈ దొనలో నీళ్లుంటాయా? వచ్చే వారం మా మనుషులను పైకి పంపాల."

కొండ మీద బండల నడుమ నిలిచే మడుగును మేము దొన అంటాం. కళ్లద్దాలు తెచ్చుకుని చూసినాను. అతని వేలి కింద నీలిచుక్క ఉంది. ఆ చుక్క నాది. నలభై ఏళ్ల కింద నేను పలక మీద పెట్టిన చుక్క అది.

"దీన్ని చెరిపెయ్యి నాయనా" అన్నాను.

నవ్వినాడు. "అచ్చేసిన మ్యాపు తాతా. రబ్బరుతో రుద్దితే పోతాదా?"

"మనిషి పోయినాడు. చుక్క పోదా?"

అప్పుడు నవ్వు ఆపినాడు. నేను కూర్చోబెట్టి చెప్పినాను. ఆ దొన గట్టున గురవయ్య అనే మనిషి దప్పికతో చచ్చిపోయినాడు. ఆ చావుకు కారణం అతని తమ్ముడు ఎల్లయ్యే అని వాళ్లోళ్లంతా నమ్మినారు. తప్పు నాది. నాది అని నాకు తెలుసు, నేను చెప్పలేదు. సర్వే అబ్బాయి వింటా వింటా మ్యాపు మడత పెట్టుకున్నాడు. పోతా పోతా, "ఇదంతా రాసి పెట్టు తాతా, మా లాంటోళ్లు చదువుకుంటారు" అన్నాడు. మర్యాదకు అన్నాడో, మనసులో అన్నాడో. నేను మాత్రం మాట పట్టుకుని రాస్తాండ.

ఖలాసీ అని రాసుకున్నారు

మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండె. పైన మద్రాసు దొరతనం. నల్లమల కొలిచే పార్టీలో నేను పని చేసినాను. కాగితంలో నా పేరు ఎదురుగా ఖలాసీ అని రాసినారు. అంటే మూటలు మోసేవాడు, డేరా గుంజలు పాతేవాడు. చేరినప్పుడు అదే రాసినారు, దిగిపోయినప్పుడూ అదే ఉండింది. నేను చేసిన పనికి ఆ ఆఫీసులో పేరే లేదు.

ఆ పని ఏందంటే, దారి వేయడం. కొండలను కొలవాలంటే ఎత్తైన శిఖరం మీద ఒక మనిషి జెండానో అద్దమో పట్టుకుని నిలబడాల. ఇంకో శిఖరం మీద నుంచి మా పార్టీని నడిపే తెల్లదొర దుర్భిణిలో అతన్ని చూసి కోణం తీసుకుంటాడు. అట్ల కొండ నుంచి కొండకు పోతా ఉంటారు. ఆ పోయే మనుషులు యాడ ఎక్కాల, యాడ దిగాల, మిట్టమధ్యాన్నం ఏ నీడన ఆగాల, యాడ నీళ్లు తాగాల, తిరిగి ఎట్ల రావాల, ఇదంతా ముందుగా తిరిగి చూసి చెప్పేది నేను. మ్యాపు కింద సంతకాలు మాత్రం నీడన కూర్చున్నోళ్లవి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది. రాయకుండా ఉంటే అబద్ధం అవుతుంది కాబట్టి రాసినాను.

నేను చదివింది మూడో తరగతి. ఆ పైన నాయన దున్నేదానికి మడక పట్టించినాడు. ఇంగిలీసు అక్షరాలు నేర్పింది పాత మ్యాపులే. చినిగినవి పారేస్తే ఏరుకొచ్చుకుని, మా ఊరు ఉండాల్సిన చోట ఏ అక్షరాలున్నాయో చూసుకునేవాణ్ణి. పుల్లలచెరువు, గిద్దలూరు, కంభం, మార్కాపురం. తెలిసిన ఊళ్ల పేర్లను తెలియని అక్షరాలతో జోడించుకుంటా పోతే ఆర్నెల్లకు చదవడం వచ్చింది. సంతకం గూడా ఇంగిలీసులో చేసేవాణ్ణి. ఆ సంతకం ఎందుకు పనికొచ్చిందో ముందు ముందు చెప్తా.

నా దారులు నేను మార్కాపురం పలక మీద గీసేవాణ్ణి. కొండకు గీత, వాగుకు వంకర గీత, నీళ్లకు చుక్క. డేరాకు వచ్చినాక డ్రాఫ్ట్స్‌మన్ పంతులు పలక చూసి కాగితం మీదకు ఎక్కించుకునేవాడు. ఎక్కించుకోవడం అయినాక పలక తడిగుడ్డతో తుడిచి నా చేతికి ఇచ్చేవాడు. నా పని అట్లనే ఎప్పటికప్పుడు తుడుచుకుపోయింది.

నీళ్లు నడుస్తాయి

గురవయ్యది పుల్లలచెరువు పక్కన కొండకింద పల్లె. జీవాలను కాసే ఇంటోడు. ఎండాకాలం మందను తమ్ముడు ఎల్లయ్యకు అప్పజెప్పి మా పార్టీలో కూలికి వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మాది సేద్యం ఇల్లు. మా ఊళ్లల్లో అట్లనే పిలుచుకుంటాం.

మొదటి ఏడు నేను ఎద్దుమూపు కొండకు ఒక దారి గీసినాను. కింద నుంచి చూస్తే చక్కంగా ఒకటే గట్టు, నిచ్చెన మాదిరి. పలక మీద గీత గూడా చక్కంగా వచ్చింది. గర్వంగా గురవయ్యకు చూపించినాను. పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు.

"బాగుంది అల్లుడూ. కాకికి చాలా బాగుంటాది."

"ఏంది మామా, ఎగతాళా?"

"ఎగతాళి యాడిది. ఈ గట్టు మీద నీళ్లు యాడుండాయి? మనిషి కాళ్లతో ఎక్కుతాడనుకుంటాండావు. గొంతుతో ఎక్కుతాడు. గొంతు ఎండినాక కాళ్లు నీ మాట వింటాయా?"

మరుసటి రోజు ఆయన నన్ను వేరే దారిన తీసుకుపోయినాడు. చుట్టూ తిరిగి, రెండు వంకలు దాటి, వెదురు పొదల్లో దూరి, బండల నడుమ ఒక దొన దగ్గర కూర్చోబెట్టినాడు. సగం దినం ఎక్కువ పట్టింది. కానీ పైకి చేరినప్పుడు మాటలాడే ఓపిక ఉండింది. ఆ దొనలో దోసిట్లో నీళ్లు తాగుతా ఆయన అన్న మాట ఇది:

"మీ రైతులకు నీళ్లంటే బావి. యాడ తవ్వినారో ఆడనే ఉంటాయని ధీమా. మాకు అట్ల కాదు. నీళ్లు నడుస్తాయి అల్లుడూ. మాఘంలో ఈడుంటాయి, చైత్రానికి కిందకు పోతాయి. వాటి ఎనకాల మేకలు, మేకల ఎనకాల మేము."

"మీరు మా చేలల్లో పడేది గూడా నీళ్ల ఎనకాలేనా?"

"అది గడ్డి ఎనకాల" అని నవ్వినాడు.

పని నేర్పినోళ్లు నాకు ఇద్దరు. ఒకరు దొర, ఒకరు గురవయ్య. దొర కొండను దూరం నుంచి చూడడం నేర్పినాడు. గురవయ్య దగ్గర నుంచి చూడడం నేర్పినాడు. దొర మంచోడే, అది గూడా చెప్పాల. ఎక్కడికైనా ముందు తను నడిచేవాడు, ఎవరినీ చేయెత్తి కొట్టింది లేదు. వంటోడి దగ్గర నేర్చుకున్న తెలుగు మాట్లాడేవాడు, అందుకే ఆయన నోట ప్రతి మాటా అన్నం పెట్టమని అడిగినట్టే ఉండేది. చెడ్డ దొర అయివుంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు, అంతా ఆయన మీదకు తోసేసి నిద్రపోయేవాణ్ణి.

జువ్వి దొన

ఆ ఏడు కొలవాల్సింది గద్దలమిట్ట. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు, నెత్తిన చెట్టు లేదు, వట్టి బండ. దాని భుజం మీద దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే అర మైలులో జువ్వి దొన. కుడికి దిగితే లోయలో వాగు. వాగు సగం దినం నడక, కానీ ఎంత ఎండాకాలమైనా ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరతాయి.

నేను మాఘమాసంలో పోయి చూసి వచ్చినాను. దొన నిండుగా ఉండె. గట్టున పచ్చని జువ్వి చెట్టు, నీళ్లలో దాని నీడ. పలక మీద చుక్క పెట్టి, పక్కన మాఘం అని రాసినాను. గురవయ్య మాటలు నాకు గుర్తున్నాయి అప్పటికి.

డ్రాఫ్ట్స్‌మన్ పంతులు పలక చూసి, "ఇదేందయ్యా, పంచాంగమా?" అన్నాడు.

"నీళ్లు ఏ నెలలో చూసినానో అది పంతులూ."

"మ్యాపులో నెలలు రాయరు. కొండ ఉందంటే ఉంది. నీళ్లున్నాయంటే ఉన్నాయి."

చుక్క ఎక్కించుకున్నాడు, మాఘం తుడిచేసినాడు. నేను ఇంకో మాట అనలేదు. అచ్చులో నా చుక్క వస్తుందనే సంతోషంలో ఉన్నాను.

చైత్రంలో పని మొదలైంది. ఎత్తు మీద మనిషిగా గురవయ్యను పెట్టినారు. ఆయనతో హుసేను అనే ఖలాసీ జెండా కర్ర, అద్దం పెట్టె మోసుకుని పైదాక పోయి, అదే రోజు తిరిగి రావాల. గురవయ్య పైనే ఉండి, ఎద్దుమూపు మీద నుంచి దొర కోణం తీసుకున్నదాక ఎండకు అద్దం తిప్పి మెరుపు చూపించాల. తర్వాత దిగి రావాల. ఇద్దరికీ కలిపి రెండు తోలు తిత్తుల నీళ్లు. చాలకపోతే జువ్వి దొన ఉందని దారి వేసినోణ్ణి నేనే చెప్పినాను.

గురవయ్య నన్ను అడిగినాడు, "దొన ఎప్పుడు చూసినావు?"

"మాఘంలో మామా."

"ఊ" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, "దారిలో చూసుకుంటాలే" అన్నాడు.

దారిలో ఏం చూసుకుంటాడో నేను అడగలేదు. దారులన్నీ తెలిసినోడిని నేను, నేనెందుకు అడగాల?

వాళ్లు పోయేదానికి ముందు రోజు నేను గద్దలమిట్ట భుజం దాక పోయి దారి బాగు చేసినాను. తర్వాత దొర గుర్రం మీద వస్తాడని, కొమ్మలు నరికి రాళ్లు పక్కకు దొర్లించినాను. దారి చీలే చోట ఎడమ దిక్కు దారికి అడ్డంగా ఎండిన రేగు కంప ఒకటి పడి ఉండె. పడి ఉండడం కాదు, వేసి ఉండె. దాని మీద బరువుకు ఒక రాయి.

ఈ మాట మీరు నిదానంగా వినాల. మా చేల దగ్గర దారికి కంప వేస్తే దానికి అర్థం ఒకటే. ఇది నాది, నీ జీవాలను ఇటు తోలొద్దు. పుట్టినప్పటి నుంచి నేను చూసిన కంపలన్నీ అవే. మా నాయన వేసినాడు, నేను వేసినాను, మందలోళ్లు వాటిని తీసి పక్కన పడేస్తే కొట్లాటలకు పోయినాం. ఆ కంప చూడంగానే నాకు ఒళ్లు మండింది. సర్కారు కొండ మీద దొనను గూడా వీళ్లు తమదని కట్టుకున్నారా అనుకున్నాను. రాయి రెండు చేతులా ఎత్తి పక్కన పడేసినాను. కంపను కాలితో లోయలోకి తన్నినాను. ముల్లు గుచ్చుకుంటే తిట్టుకుంటా పీక్కున్నాను.

అర మైలు దూరం. పోయి చూసివుంటే కనపడేది. పై నుంచి జువ్వి చెట్టు పచ్చగా కనిపించింది, చాల్లే అనుకున్నాను. పొద్దు వాలుతుండె, దిగి వచ్చినాను.

మెరుపు

ఎద్దుమూపు మీద దొర పక్కన నేను ఉన్నాను. మొదటి రోజు గద్దలమిట్ట మీద అద్దం తళుక్కుమంది. దొర సంతోషపడినాడు. అంతలో మసక కమ్ముకుంది. ఎండాకాలం అడవి తగలబడి పొగ లేస్తే కొండలు కనపడవు. రెండో రోజంతా మసకే. ఆ మసకలో గూడా అప్పుడప్పుడు సన్నగా మెరుపు వచ్చేది, కోణం తీసుకునేంత సేపు నిలిచేది కాదు. ఆయన అద్దం తిప్పుతానే ఉన్నాడు.

మూడో రోజు పొద్దున గాలి మారి తెరిపి ఇచ్చింది. కోణం దొరికింది. దొర తన అద్దంతో దిగి రమ్మని సైగ ఇచ్చినాడు. అటు నుంచి ఒక మెరుపు వచ్చింది. సైగ అందిందని. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

"మంచి మనిషి, గురవయ్య" అన్నాడు దొర. కాగితంలో అంకెలు రాసుకుంటా ఉన్నాడు.

మరుసటి రోజు సాయంత్రానికి గురవయ్య డేరాకు చేరాల. రాలేదు. ఆ తెల్లారి హుసేనును వెంటబెట్టుకుని నేను, ఇంకో నలుగురం పోయినాం. దొర గూడా వచ్చినాడు.

జువ్వి దొన గట్టున కూర్చుని ఉన్నాడు. చెట్టుకు వీపు ఆనించి. దొనలో నీళ్లు లేవు, పెచ్చులు పెచ్చులుగా పగిలిన బురద. దాని నడుమ ఒక గుంత. గోళ్లతో తవ్వినది, మోచేతి లోతు. అడుగున బండ. అద్దాన్ని తలగుడ్డలో చుట్టి, పగలకుండా తన ఒడిలో పెట్టుకున్నాడు. జెండా మడత పెట్టి పక్కన ఉంది, దాని మీద ఖాళీ తిత్తి. ఒక్కటే తిత్తి.

"రెండోది ఏది?" అని అడిగినాను.

హుసేను కూలబడి తల కొట్టుకున్నాడు. "నాకిచ్చినాడు అన్నా. నా కాలు వాచింది, దిగేదానికి పొద్దు పడతాదని పూర్తి తిత్తి నా భుజాన వేసినాడు. నీకో మామా అంటే, కంప లేదు గదా హుసేనూ, దొనలో తడి ఉందిలే, నువ్వు తాగు తాగు అన్నాడు."

"కంప ఏంది?" అన్నాను.

హుసేనుకు తెలియదు. సాయంత్రానికి కింద పల్లె నుంచి ఆయన వాళ్లు వచ్చినప్పుడు తెలిసింది. ఒక ముసలాయన దారి చీలే చోట ఆగిపోయినాడు. "కంప యాడ పోయింది? ఎల్లయ్యా, నీ మందే గదా చివర దిగింది. కంప వెయ్యలేదా?"

మందలోళ్ల ఆచారం అది. దొన ఎండుతుంటే చివరగా దిగే మందోడు దారికి అడ్డం రేగు కంప వేసి రాయి పెట్టి పోతాడు. ఈడ నీళ్లు అయిపోయినాయి, రావద్దు అని. తొలకరి పడి నీళ్లు నిలిచినాక మొదట చూసినోడు దాన్ని తీస్తాడు. నడుమ ఎవరూ తాకరు. తీస్తే మనిషిని చంపినట్టే లెక్క. గురవయ్య దారిలో చూసుకుంటానన్నది దాన్నే. చూసినాడు. లేదు. లేదు కాబట్టి నీళ్లున్నాయని నమ్మి, తన తిత్తి ఇంకొకరికి ఇచ్చినాడు.

ఎల్లయ్య అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. తలెత్తి, "వేసినాను పెద్దనాయనా. రాయి గూడా పెట్టినాను" అన్నాడు.

"రాయి పెట్టిన కంప గాలికి పోతాదా?"

ఎల్లయ్య చుట్టూ ఉన్న మొహాలన్నీ చూసినాడు. నా మొహం గూడా చూసినాడు. నేను కింద చూసుకున్నాను. నా అరికాలిలో ఆ ముల్లు మొన ఇంకా ఉండె.

సంతకం

మోసే వాళ్లు చాలకపోతే పాడె ఒక కొన దొర తన భుజం మీద పెట్టుకున్నాడు. అది గూడా రాయాల. మూడు రోజుల తర్వాత డేరాకు పిలిచి అడిగినాడు.

"దొనలో నీళ్లు నువ్వు కళ్లతో చూసినావా?"

"చూసినాను దొరా."

ఏ నెలలో అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మ్యాపులో నెల లేదు, మాటలో గూడా నెల లేదు.

కాగితం ఒకటి నా ముందు పెట్టినారు. మిగతా సాక్షులు వేలిముద్రలు వేసినారు. నాకు చదవడం వచ్చని దొర గర్వంగా పెన్ను ఇచ్చినాడు. చదివినాను. అందులో ఉన్నదేందంటే, వేసిన దారిని వదిలి, చెప్పిన మాట వినకుండా, తన ఇష్టాన పోయి ఆ మనిషి చనిపోయినాడు అని. జన్మలో దారి తప్పని మనిషిని దారి తప్పినాడని రాసినారు. దాని కింద నా పేరు ఇంగిలీసులో, వంకర లేకుండా రాసినాను. ఊళ్ల పేర్లు చదువుకుంటా నేర్చుకున్న అక్షరాలు అవి.

ఎందుకు చేసినావని మీరు అడగొచ్చు. ఉద్యోగం పోతుందని కాదు, ఖలాసీ ఉద్యోగం పోతే ఏం పోయింది, సేద్యం ఉండె. కొండల్లో అన్నీ తెలిసినోడని నాకు పేరుంది. ఆ కంపకు అర్థం తెలియదని ఆ గొర్రెలోళ్ల ముందు ఒప్పుకోవాల. అంతే. అంత చిన్నదానికి. చదువు లేనోడి పొగరు ఎట్ల ఉంటుందో చదువుకున్నోళ్లకు తెలియదు. దాన్ని పోగొట్టుకోవడం కంటే ఇంకొకడి పరువు పోనీయడం సులువనిపించింది.

ఆ ఏడు వానలకు ముందే విన్నాను. ఎల్లయ్యను మందల్లో కలుపుకోవడం లేదని. అన్నను చంపినోడని పిల్లలు గూడా అంటున్నారని. గురవయ్య పెళ్లాం నాగమ్మ అతని మొహం చూడడం మానేసింది. చివరకు జీవాలను తోలుకుని వెలిగండ్ల దిక్కు వెళ్లిపోయినాడు. ఆ సంగతి చెప్పినోడితో నేను, "అయ్యో" అన్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా మాటలు రెండే. నీళ్ల చుక్క పెడితే నెల రాయండి. మ్యాపులో చోటు లేదని ఎవరన్నా అంటే, చోటు చేయమని కొట్లాడండి, నా మాదిరి నోరు మూసుకోవద్దు. రెండోది. కొండ మీద మనిషి చేతితో పెట్టింది ఏది కనపడినా, కంప గానీ రాయి గానీ, మీకు తెలిసిన అర్థం దానికి అంటించొద్దు. పెట్టినోణ్ణి వెతికి అడగండి. అడిగితే పరువు పోదు. పోతే పోనీ.

వెలిగండ్ల

జీపు వచ్చిపోయినాక మూడు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు మార్కాపురం పోయి, బస్సు మీద బస్సు మారి వెలిగండ్ల పోయినాను. అడుగుతా పోతే ఊరి బయట గొర్రెల దొడ్డి పక్కన ఇల్లు చూపించినారు. వేపచెట్టు కింద కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతా ఉన్నాడు. గురవయ్య ముక్కే, గురవయ్య చెవులే. గురవయ్య ఆ వయసుకు రాలేదు.

"ఎవరయ్యా మీరు?"

చెప్పినాను. కదురు ఆగలేదు.

"సర్వేలో ఉండే రైతులబ్బాయి. మా అన్న చెప్పేవాడు. పలక మీద కొండలు గీస్తాడని." లోపలికి తిరిగి, "అమ్మీ, మజ్జిగ తే" అన్నాడు.

కోడలు తెచ్చింది. నేను ముంత అందుకోలేదు. "ముందు నా మాట విను" అన్నాను. "ఆ కంప తీసింది నేను. మీ అన్న పైకి పోయేదానికి ముందు రోజు. మీ ఆచారం నాకు తెలియదు. తెలిసినాక చెప్పలేదు."

కదురు నేలకు తగిలి పడిపోయింది. చాలాసేపు ఆయన దొడ్డి దిక్కే చూసినాడు. కోడలు ముంత పట్టుకుని నిలబడే ఉంది. నన్ను తిట్టినా, కర్ర తీసుకున్నా నాకు బాగుండేది.

"ఏ కంప అది?" అన్నాడు ఆఖరుకు.

"రేగు కంప. ఎండింది."

"దారికి ఎట్ల ఉండె?"

"అడ్డంగా. మొదలు కొండ దిక్కు, కొనలు లోయ దిక్కు."

"ఊ" అన్నాడు. "నాగమ్మ వదినకు చెప్పినావా?"

"పోయింది గదా. ఆమె పోయి చాలా ఏళ్లయింది."

"పోయిందా" అన్నాడు. ఆ సంగతి గూడా ఎవరూ ఆయనకు చెప్పలేదు. "మా ఆడది గూడా అడిగేది. నిజం చెప్పయ్యా, వేసినావా అని. వేసినాననే అంటావచ్చినా. పదేళ్లు అట్లనే అన్నా. ఆ తర్వాత వేసినాననుకుంటా అన్నా. అది చచ్చిపోయే ఏడు అడిగితే, ఏమో అన్నా. అంతమంది అంటే నాకే అనుమానం వచ్చింది. మంద తోలుకుని తొందరలో దిగినానేమో, వేసినట్టు కల గన్నానేమో అని."

కింద పడిన కదురు ఎత్తి ఆయన పక్కన పెట్టినాను.

"రాయి ఉండెనా అల్లుడూ?"

ఆ పిలుపు విని నలభై ఏళ్లయింది.

"ఉండె మామా. కంప మొదట్లో."

"ఎంత రాయి?"

"రెండు చేతులా ఎత్తినాను."

ఆయన రెండు చేతులు ముందుకు చాపి, నడుమ ఖాళీ వదిలి చూపించినాడు. "ఇంత ఉంటాదా?"

"ఇంకొంచెం పెద్దది."

చేతులు ఇంకొంచెం ఎడం చేసినాడు. "ఇంతా?"

"అంత."

కోడలి దిక్కు తిరిగినాడు. "చూసినావా అమ్మీ" అన్నాడు. "ఇంత రాయి పెట్టినా." ఆ చేతులను అట్లనే గాలిలో పట్టుకుని, దించకుండా, ఆ ఖాళీని చూస్తా కూర్చున్నాడు.